శంకుస్థాపన బాబాయ్

ఎవరు ఏ ప్రశ్న అడిగినా సరే, విద్యార్థి సంఘ భవనంలో ఎంక్వైరీ బల్ల వెనక కూర్చునే పెద్దాయన తన జవాబును ఆ భవనం శంకుస్థాపన దగ్గర నుంచే మొదలుపెట్టేవాడు. జలుబు చేసినవాడు తుమ్మినంత సహజంగా ఆయన చరిత్ర చెప్పేవాడు. "టైమెంత బాబాయ్?" అని అడిగితే గడియారం వైపు చూసేవాడు కాదు, అది వేలాడుతున్న గోడ వైపు చూసేవాడు. గోడ వైపు చూశాడంటే ఇక అంతే సంగతులు. గోడ అన్నాక పునాది ఉంటుంది కదా!

హాజరు పట్టీలో ఆయనకు ఏదో పేరు ఉండేది కానీ, అది ఆయనకే గుర్తు లేదని అందరి నమ్మకం. పిల్లలందరికీ ఆయన శంకుస్థాపన బాబాయ్.

ఆయన మీద కథలు కొల్లలు. ఒకసారి ఒకడు ఒంటికాలి మీద గెంతుతూ వచ్చాడట.

"బాబాయ్, బాత్రూమ్ ఎటు?"

"మంచి ప్రశ్న అడిగావు నాయనా. ఈ భవనానికి శంకుస్థాపన జరిగిన రోజున ఇక్కడ నీళ్ళ పైపే లేదు."

"ఇప్పుడుందా లేదా బాబాయ్?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా."

"మీరు నిదానంగా రండి బాబాయ్, నేను ముందు పోతా!"

ఇంకోసారి క్యాంటీన్ కర్టెన్‌కు నిప్పంటుకుంటే, బకెట్ ఎక్కడుందని ఎవరో పరుగెత్తుకొచ్చి అడిగారట. నిప్పంటుకున్నాక బావి తవ్వడం గురించి విన్నాం. ఈయన బావి తవ్వలేదు, బావి తవ్విన మేస్త్రీ చరిత్ర ఎత్తుకున్నాడట. ఆయన పునాదుల దాకా వచ్చేసరికి మంట ఆరిపోయిందనీ, ఆయన గచ్చు దాకా వచ్చేసరికి కొత్త కర్టెన్ కూడా కట్టేశారనీ చెప్పుకునేవారు.

కొత్త మేనేజరు ఆ భవనంలో అడుగుపెట్టేనాటికి ఈ కథలేవీ ఆమెకు తెలియవు. ముప్పై రెండేళ్ళ మనిషి. అంతకుముందు వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల వరసలను చక్కదిద్దిన ఘనత ఆమెది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అక్కడ పన్ను నొప్పివాడు దారి తప్పి పురిటి వార్డుకు వెళ్ళిన పాపాన పోలేదు. నడకలో గానీ, మాటలో గానీ, చివరికి సంతకంలో గానీ తడబాటన్నది ఎరగదు. ఊరికి కొత్త కాబట్టి దర్జీ కొట్టు మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుంది. ఎవరినీ ఏ సాయమూ అడగకుండా మంచం కూడా తనే బిగించుకుంది.

మొదటి రోజు సరిగ్గా తొమ్మిదింటికి బల్ల ముందు నిలబడింది.

"నమస్కారమండీ. నేను కొత్త మేనేజర్ని. నా గది తాళంచెవి ఇస్తారా?"

పెద్దాయన లేచాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెకు అటుపక్క ఒకసారి, ఇటుపక్క ఒకసారి చూశాడు.

"ఒక్కరే వచ్చారా అమ్మా?"

"అవునండీ. తాళంచెవి..."

"ఇస్తానమ్మా. తాళంచెవి ఎక్కడికి పోతుంది? కానీ తాళంచెవి కన్నా ముందు తాళం, తాళం కన్నా ముందు తలుపు, తలుపు కన్నా ముందు గోడ. అసలు ఈ భవనానికి శంకుస్థాపన జరిగిన రోజున..."

తాళంచెవి ఆమె చేతికి అందేసరికి పదకొండు దాటి ఐదు నిమిషాలు. ఈలోగా ఆ భవనంలో ఆమె చూడనిది ఎలక కన్నం ఒక్కటే. నలభై మూడు మెట్లు లెక్కబెట్టించాడు. ప్లాను గీసినవాడు మెట్లు మరిచిపోతే, మొదటి మూడు నెలలూ సంఘం నాయకులందరూ నిచ్చెన వేసుకుని మేడెక్కారనీ, అందుకే ఆ తరం నాయకులకు పైకెక్కడం తప్ప కిందికి దిగడం తెలియదనీ చెప్పాడు. సంగీతం గదిలో రెండు మీటలు ఊడిపోయిన పియానో చూపించి, "ఆ రెండు స్వరాలూ లేని పాటలే ఇక్కడ పాడతారమ్మా" అన్నాడు. క్యాంటీన్ అక్కకు పరిచయం చేశాడు. రీడింగ్ రూములో పేపర్లు సర్దే ఆయనకు పరిచయం చేశాడు. ఉత్తరం వైపు గోడ తట్టి, "కట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా వెంట్రుకవాసి కదలలేదు, మీలాగే" అన్నాడు. బట్టలుతికే యంత్రాల గదిలో, ఏ యంత్రం ఏ సాక్సు మింగేసిందో కూడా వివరించాడు.

మేనేజరు తన కుర్చీలో కూర్చుని, రెండు గంటల ఐదు నిమిషాలు గాలికి పోయాయని లెక్క తేల్చుకుంది. తేల్చుకున్నాక ఊరుకునే రకం కాదు.

"ప్రశ్న పుడితేనే కదా జవాబు పుట్టేది! అసలు ప్రశ్నే పుట్టకుండా చేస్తాను" అనుకుని అరవై రెండు బోర్డులు రాయించింది. ప్రతి మూలా ఒక బాణం గుర్తు. కళ్ళున్నవాడు ఎవడూ ఇక ఎవరినీ దారి అడగనక్కర్లేదు.

బోర్డులు కొట్టిస్తుంటే పెద్దాయన అలిగాడా అంటే, లేదు. ఒక్కొక్క బోర్డు ముందూ ఆగి, తల పంకించి, మురిసిపోయాడు. మర్నాడు ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకుని వెళుతూ మేనేజరు గది బయట ఆగడం ఆమె చెవిన పడింది.

"ఇదిగో తల్లీ, బాణం గుర్తు. దీన్ని మన మేనేజరమ్మ మంగళవారం పదకొండున్నరకు దగ్గరుండి కొట్టించింది. మొదట మేకు వంగింది. అంతకుముందు ఈ చోట ఒక క్యాలెండర్ ఉండేది. దాని కథేమిటంటే..."

ఆమె నుదురు కొట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన చరిత్రలో అరవై రెండు కొత్త అధ్యాయాలు తనే చేజేతులా చేర్చింది.

ఇలా ఉండగా యూనివర్సిటీ భవనాల కమిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కమిటీ అధ్యక్షుడు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి ఆ వేసవిలోనే రిటైరైన ప్రొఫెసరు. తన ముందుకొచ్చిన ప్రతి ప్రతిపాదననూ మధ్యకు కత్తిరించే అలవాటు వల్ల ఆయన్ని అందరూ కత్తెర ప్రొఫెసర్ అనేవారు. ఎవరో పెద్దమనిషి ఫోటోకాపీ గది ఎక్కడని అడిగి గంటన్నర ఇరుక్కుపోయి ఫిర్యాదు చేశాడట. అందుచేత ఎంక్వైరీ బల్ల ఎత్తేసి, మీట నొక్కితే దారి చూపించే తెర పెట్టాలని, పెద్దాయన్ని పాత కుర్చీల గోదాముకు పంపాలని అందులో రాశారు. నెలరోజులు గమనించి మేనేజరు నివేదిక ఇవ్వాలి.

"న్యాయమే. కుర్చీలు ప్రశ్నలడగవు" అనుకుంది మేనేజరు. ఒక నోటుపుస్తకం, చేతిగడియారం ముందు పెట్టుకుని, తన అద్దాల గదిలోంచి ఎంక్వైరీ బల్ల మీద నిఘా మొదలుపెట్టింది. ఎవరికి ఎంతసేపు పట్టిందో నిమిషాలతో సహా రాస్తే చాలు, నివేదిక దానంతట అదే తయారవుతుంది.

ముందుగా ఐదుగురు అమ్మాయిలు గలగలా నవ్వుకుంటూ వచ్చారు.

"బాబాయ్, ఆడిటోరియం ఎటు?"

"పైకెళ్ళి ఎడమవైపు."

మేనేజరు గడియారం చూసుకుంది. మూడు సెకన్లు. ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. శుభ్రంగా ఆడుతోంది.

తరవాత ఇద్దరు స్నేహితులు సైకిల్ పంపు అడిగారు. "మెట్ల కింద." రెండు సెకన్లు.

తరవాత ఒక్కడే ఒక అబ్బాయి వచ్చాడు. మాట తడబడుతోంది. "బ... బస్సు టైములు ఎ... ఎక్కడ..." అనేలోపు పెద్దాయన బల్ల దాటి బయటికి వచ్చేశాడు. యాభై నిమిషాలు. ఆడిటోరియం తలుపు దగ్గర ఆయన చెబుతున్నది ఆమెకు లీలగా వినిపించింది: "ఈ వేదిక మీద మొట్టమొదట మాట్లాడిన సంఘం అధ్యక్షుడికి తొలి మాట బయటికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది నాయనా. జనం కదలకుండా కూర్చున్నారు. అందుకే ఆ తరవాత కుర్చీలకు మెత్తలు వేయించారు."

వారం తిరిగేసరికి నోటుపుస్తకంలో లెక్క స్పష్టంగా తేలింది. గుంపుగా వచ్చినవాళ్ళకు క్షణాలు. ఒంటరిగా, ముఖం వేలాడేసుకుని వచ్చినవాళ్ళకు గంటలు. పొట్టి జవాబు దొరికినవాళ్ళు ఆ సంగతి ఎవరికి చెబుతారు? కథలయ్యేవన్నీ పొడుగు జవాబులే. ఊళ్ళో అందరికీ సగం లెక్కే తెలుసు.

అందరికన్నా పొడుగు జవాబు ఎవరికి దొరికిందా అని ఆమె పేజీలు తిరగేసింది. ఎవరూ లేరు. రెండు గంటల ఐదు నిమిషాలతో తనే మొదటి స్థానంలో ఉంది.

నవ్వాలో ఉడుక్కోవాలో ఆమెకు తెలియలేదు. ఆ క్షణంలోనే క్యాంటీన్ అక్క టీ కప్పుతో లోపలికి వచ్చింది. మొదటి రోజు పరిచయమైన దగ్గర నుంచీ రోజూ పదకొండింటికి తెస్తూనే ఉంది.

"అక్కా, ఆ కర్టెన్‌కు నిప్పంటుకున్న కథ నిజమేనా?"

"నిప్పు నిజమే. ఆర్పింది ఎవరనుకున్నావు? ఆయనే. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. తరవాత ఆ పిల్లలు వచ్చి బకెట్ ఎక్కడిదని అడిగితే, అప్పుడు మొదలుపెట్టాడు తన పురాణం. పాపం, భయంతో వణికిపోతున్నారు కదా, నవ్వించాలని."

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు ఒక సన్నటి అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. మొహం కడుక్కుని వచ్చినా కళ్ళ ఎరుపు పోలేదు.

"చదువు మానేసే ఫారం ఎక్కడిస్తారండీ?"

"మూడో అంతస్తు కౌంటర్లో ఇస్తారమ్మా. నాలుగింటి దాకా ఉంటారు, తొందరేం లేదు. ఎందుకు తల్లీ?"

"మొదటి పరీక్షలోనే లెక్కల్లో తప్పానండీ. నావల్ల కాదు."

"అలాగా. ఫారం ఎక్కడికీ పోదులే. అసలు ఈ భవనానికి శంకుస్థాపన జరిగిన రోజున..."

మేనేజరు ఇక ఉండబట్టలేక, ఒక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని పది అడుగుల వెనకగా నడిచింది. ఉత్తరం గోడ దగ్గర ఆయన ఆగాడు.

"చూశావా ఈ గోడ? కట్టిన మొదటి ఏడాది వానలకే సగం కూలిపోయింది."

ఫైలు వెనక మేనేజరు నోరు తెరిచింది. తనకు చెప్పినప్పుడు ఈ గోడ వెంట్రుకవాసి కూడా కదలలేదు!

"మరి?" అంది ఆ అమ్మాయి.

"మొత్తం వదిలేద్దామన్నారందరూ. మేస్త్రీ మాత్రం 'కూలింది గోడే కదా, బిల్డింగ్ కాదు కదా' అన్నాడు. మళ్ళీ కట్టాడు. ఇప్పుడు ఇదే అన్నిటికన్నా గట్టి గోడ."

అక్కడి నుంచి టేబుల్ టెన్నిస్ గది. ముగ్గురు ఉన్నారు, నాలుగో మనిషి కోసం చూస్తున్నారు.

"అమ్మా, ఈ బల్ల ఒక పక్కకు ఒరిగిందని నా అనుమానం. నా కళ్ళకు ఆనడం లేదు. ఓ నాలుగు బంతులు కొట్టి చూసి చెప్పు."

నాలుగు కాస్తా నలభై అయ్యాయి. ఎవరో కొట్టిన బంతి పెద్దాయన బట్టతల మీద పడి ఎగిరితే ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. వాళ్ళిద్దరూ మూడో అంతస్తు చేరేసరికి నాలుగూ ఐదు. కౌంటరుకు తాళం.

"అయ్యయ్యో, మూసేశారే!" అన్నాడాయన. పాలు తాగిన పిల్లి కూడా అంత అమాయకంగా మొహం పెట్టలేదు. "రేపు పొద్దున్నే వచ్చెయ్ తల్లీ."

"రేపు పొద్దున మాకు ఆట ఉంది బాబాయ్. ఎల్లుండి చూద్దాంలెండి."

మేనేజరు నేరుగా రికార్డుల గదికి వెళ్ళి భవనం పాత ఫైలు దులిపింది. చదివి, కుర్చీలో కూలబడి, ఒంటరిగానే పకపకా నవ్వింది. ఆ సాయంత్రం పెద్దాయన్ని క్యాంటీన్లో కూర్చోబెట్టి టీ ఇప్పించింది.

"బాబాయ్ గారూ, ఉత్తరం గోడ కూలిందా, కూలలేదా?"

"అడిగే మనిషిని బట్టి కూలుతుందమ్మా."

"పోనీ శంకుస్థాపన? ఫైలు చూశాను. ముఖ్య అతిథి రాలేదని ఆ కార్యక్రమమే రద్దు చేశారు! అసలు ఇది పరీక్ష పేపర్ల గోదాము కోసం కట్టింది. వానొస్తే పిల్లలు ఒక టేబుల్ టెన్నిస్ బల్ల తెచ్చి లోపల పెట్టుకున్నారు. మళ్ళీ తీయమంటే తీయలేదు. చివరికి యూనివర్సిటీ వాళ్ళే విసిగి, 'సరే, మీరే ఉంచుకోండి' అని విద్యార్థి సంఘం బోర్డు తగిలించారు."

"తెలుసమ్మా. ఆ ఫైలుకు దారం కట్టింది నేనే."

"మరి ఇదంతా దేనికి?"

ఆయన టీ చల్లార్చుకున్నాడు. "ఒంటరిగా వచ్చిన పిల్లని పట్టుకుని, 'పాపం నీకెవరూ లేరు, రా అమ్మా నలుగురిని పరిచయం చేస్తా' అంటే వస్తుందా? ఛీ పొమ్మంటుంది. 'ముసలాయన చాదస్తం, నొచ్చుకుంటాడేమో' అనుకుంటే నా మీద జాలిపడి వెంట వస్తుంది. దారిలో మనుషులు తగులుతారు. నేను చేసేదేముందమ్మా, నోరు నొప్పి తప్ప."

"నిజంగానే వెళ్ళిపోవాలనుకునే వాళ్ళుంటే?"

"మర్నాడు మళ్ళీ వస్తారు. అప్పుడు ఒక్క ముక్క మాట్లాడను. దగ్గరుండి తీసుకెళ్ళి ఫారం ఇప్పిస్తాను. పెన్ను కూడా నాదే."

మేనేజరు గొంతు సవరించుకుంది. "మరి నన్నెందుకు అంతసేపు తిప్పారు?"

"మీది మరీ మొండి కేసమ్మా. ఎవరి సాయమూ అక్కర్లేదని మొహం మీద బోర్డు రాసి తగిలించుకుని వచ్చారు. అలాంటివాళ్ళకు ఒక అంతస్తు ఎక్కువ పడుతుంది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, ఇదంతా నివేదికలో రాసేస్తాను. మీ బల్లను ఎవరు కదిలిస్తారో చూస్తాను."

పెద్దాయన మొదటిసారి కంగారుపడ్డాడు. "రాయకండమ్మా! పదిమందికీ తెలిస్తే ఇక ఎవరొస్తారు నా వెంట? గోదాముకైనా వెళతాను గానీ, ఈ గుట్టు మాత్రం బయటపెట్టకండి."

మేనేజరు జీవితంలో ఏ కాగితమూ ఆమెను అంతగా ఏడిపించలేదు. నిజం రాస్తే బల్ల మిగిలి పని పోతుంది. రాయకపోతే బల్లే పోతుంది. చివరికి సమావేశం రోజు పొద్దున రెండే రెండు వాక్యాలు రాసి, టైపు చేసి, కవర్లో పెట్టింది. పెట్టాక ధైర్యంగా టీ తాగింది.

సమావేశం మూడు గంటలకు. ఒకటీ నలభైకే భవనం ముందు కత్తెర ప్రొఫెసర్ దిగారు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఆ గడప తొక్కని మనిషి. కోటు మీద మడత లేదు, మొహం మీద నవ్వు లేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళారు.

"సమావేశం గది ఎక్కడ?"

పెద్దాయన లేచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ప్రొఫెసర్‌కు అటుపక్క ఒకసారి, ఇటుపక్క ఒకసారి చూశాడు.

అద్దాల గదిలో మేనేజరు దిగ్గున లేచింది. వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. నేరుగా పైకి పంపెయ్యమని వేలితో చూపించింది. దణ్ణం పెట్టింది. పెద్దాయన ఆమెను చూశాడు. చూసి కూడా చూడనట్టు ప్రొఫెసర్ వైపు తిరిగాడు. మూడు గంటల పనికి ఒకటిన్నరకే బయల్దేరి వచ్చే మనిషికి ఇంటి దగ్గర ఎవరితోనూ పొద్దుపోవడం లేదని ఆయన లెక్క.

"చెప్తాను సార్. అసలు ఈ భవనానికి శంకుస్థాపన జరిగిన రోజున..."

మూడయింది. కమిటీ సభ్యులిద్దరూ వచ్చి కూర్చున్నారు. అధ్యక్షుడు లేరు. మూడున్నర అయింది. సభ్యుల్లో ఒకాయన బిస్కెట్లన్నీ తినేశాడు. మేనేజరు వెతుక్కుంటూ బయల్దేరింది. క్యాంటీన్లో లేరు, ఆడిటోరియంలో లేరు. రీడింగ్ రూము తలుపు దగ్గర పెద్దాయన వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

లోపల ఆ సన్నటి అమ్మాయి, ఆమె ఆట స్నేహితులు ముగ్గురూ బోర్డు ముందున్నారు. కత్తెర ప్రొఫెసర్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, సుద్దముక్క పట్టుకుని ఉరుముతున్నారు.

"రెండో వరసలో మైనస్ గుర్తు ఉంది. మూడో వరసలో లేదు. మధ్యలో దాన్ని ఎవరు మింగేశారు?"

"నేనే సార్" అంది ఆ అమ్మాయి.

"మింగినదాన్ని బయటికి తీయ్. ఆ... అదీ! ఇంతే కదమ్మా! ఇంత చిన్నదానికి చదువు మానేస్తారా ఎవరైనా?"

నాలుగూ పదికి ఆయన సమావేశానికి వచ్చారు. చొక్కా చేతుల నిండా సుద్దపొడి. మేనేజరు కవరు అందించింది. ఆయన విప్పి చదివారు: 'ఎంక్వైరీ బల్ల ఉండాలా వద్దా అన్నది కాగితం మీద తేలేది కాదు. అధ్యక్షులు స్వయంగా వెళ్ళి ఒక ప్రశ్న అడిగి చూడాలని మనవి.'

"అడిగాను" అన్నారాయన. ఆపైన గొంతు తగ్గించారు. "ఈ భవనానికి లెక్కలు వేసిన ఇంజనీరు రిటైరయ్యాకే తన అసలు పని మొదలుపెట్టాడట. నిజమేనా?"

మేనేజరు తడబడకుండా జవాబిచ్చింది. "రికార్డులు చూసి చెప్తాను సార్."

"చూడొద్దు" అన్నారు కత్తెర ప్రొఫెసర్. పెన్ను తీసి, గోదాము బదిలీ ప్రతిపాదనను మధ్యకు కొట్టేశారు. దారి చూపించే తెరను కూడా కొట్టేశారు. కింద తన చేత్తోనే ఒక కొత్త వాక్యం రాశారు: భవనాన్ని ఇంకా క్షుణ్ణంగా పరిశీలించవలసి ఉన్నందున, అధ్యక్షుడు ప్రతి గురువారం మధ్యాహ్నం స్వయంగా వచ్చి చూడవలెను.

ఆ గురువారం ఆయన వచ్చారు. కోటు లేదు. చొక్కా జేబులో సుద్దముక్కల డబ్బా ఉంది. మెట్లు ఎటో తెలిసి కూడా ఎంక్వైరీ బల్ల ముందు ఆగి, చేతులు కట్టుకుని, తీరిగ్గా నిలబడ్డారు.

"రీడింగ్ రూము ఎటండీ?"

"పైకెళ్ళి కుడివైపు సార్. ఏడుగురు కూర్చుని ఉన్నారు మీకోసం."

ప్రొఫెసర్ ఒక నిమిషం ఎదురుచూశారు. ఇంకేమీ రాలేదు.

"ఇంతేనా?" అన్నారు నొచ్చుకుంటూ.

"ఇంతే సార్."

ఆయన గొణుక్కుంటూ మెట్ల వైపు నడిచారు. అద్దాల గదిలోంచి మేనేజరు చూస్తూనే ఉంది. మొదటి మలుపు దాకా పెద్దమనిషిలాగే ఎక్కారు. ఎవరూ చూడడం లేదనుకున్నాక, రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు.